తెగిన నరానికి నానోపోగుల దారి: ఏది సాధ్యం, ఏది ఇంకా ప్రయోగశాలలోనే ఉంది

వరికోతల్లో కొడవలి మణికట్టు మీద దిగినా, గాజుపెంకు అరచేతిని కోసినా, పదహారో నంబరు జాతీయ రహదారి మీద బండి పల్టీ కొట్టినా పైగాయం కొన్ని వారాల్లో మానిపోతుంది. లోపల నరం తెగి ఉంటే అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. వేళ్లు మొద్దుబారతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం రాదు, బొటనవేలి మొదట్లో కండ నెలనెలకూ కరిగిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇలాంటి చేతులతోనే పొలం పనులకూ జీడిపిక్కల పనికీ వెళ్లేవాళ్లున్నారు. రొయ్యపెంకుతో, పట్టుతో తయారైన నానో దారాలతో తెగిన నరాన్ని అతికించేస్తున్నారని ఇప్పుడు ఫోన్లలో వినిపిస్తున్న మాట అలాంటి ఇళ్లలో సహజంగానే ఆశ రేపుతుంది. ఆ మాటలో సగం నిజముంది. మిగిలిన సగాన్ని విడదీసి చూడాలి.

ముందుగా ఒక అపోహ. ఈ నానో దారాలు కుట్టు వేయడానికి కాదు. నరాన్ని కుట్టేది నైలాన్ దారంతో. మైక్రోస్కోపు కింద చూస్తూ వాడే ఆ దారం మందం 20 నుంచి 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రెండు కొసలూ ఒకదాన్నొకటి అందుకోలేనంత ఖాళీ ఏర్పడినప్పుడు, ఆ ఖాళీ గుండా నరం పెరుగుతూ వెళ్లడానికి దారిగా పరిచేవే నానోపోగులు. అందుకే దీని గురించి ఏ వార్త విన్నా మూడు లెక్కలు అడగాలి: ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లు, అక్కడి నుంచి కండరానికి ఎంత దూరం, తెగి ఎన్నాళ్లయింది. ఈ మూడూ లేని వార్తలో నిజం ఎంతో తేల్చడానికి ఆధారమే ఉండదు.

## నరం తెగాక లోపల జరిగేది

ఇక్కడ నరమంటే సెలైన్ ఎక్కించడానికి వెతికే రక్తనాళం కాదు. మెదడు, వెన్నుపాముల నుంచి కండరానికి ఆజ్ఞనూ, చర్మం నుంచి స్పర్శనూ మోసే నాడి. ఒక నరంలో వేలకొద్దీ ఆక్సాన్లు ఉంటాయి. ఒక్కో ఆక్సాన్ ఒక నాడీకణం సాచిన పొడవాటి తోక. కణం దేహం వెన్నుపాములోనో దాని పక్కన ఉండే నాడీకణాల ముడిలోనో ఉంటుంది, తోక మాత్రం వేలికొస దాకా వస్తుంది. ఆక్సాన్ల చుట్టూ ష్వాన్ కణాలు చుట్టుకుని ఉంటాయి. ఆక్సాన్‌ను కప్పే మైలిన్ అనే పొర వేసేది అవే.

తెగిన చోటు నుంచి కింది ముక్క కణం దేహానికి దూరమైపోతుంది కాబట్టి చచ్చిపోతుంది. 1850లో అగస్టస్ వాలర్ కప్ప నాలుక నరాల్లో దీన్ని గమనించి రాశాడు. అందుకే దీన్ని వాలేరియన్ క్షీణత అంటారు. అయితే కింది ముక్కలో ఆక్సాన్లు పోయినా ష్వాన్ కణాలు బతికే ఉంటాయి. అవి చెత్తను ఎత్తిపోసి, వరుసలుగా బారులు తీరతాయి. ఆ బారులకు బుంగ్నర్ పట్టీలని పేరు. పైముక్క నుంచి కొత్తగా మొలిచిన ఆక్సాన్లు ఆ పట్టీలను పట్టుకుని కిందికి పాకుతాయి. అంటే చెయ్యిలోని నరానికి తిరిగి పెరిగే గుణం పుట్టుకతోనే ఉంది. కొరత పడేది దారి, గడువు.

గడువు లెక్క ఇలా ఉంటుంది. మనిషిలో ఆక్సాన్ రోజుకు దాదాపు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. కుట్టిన చోటు దాటడానికి మరో నెల వేసుకోవాలి. మరోపక్క, నరం అందని కండరం 12 నుంచి 18 నెలల్లో నరాన్ని తిరిగి అందుకునే శక్తిని చాలావరకు పోగొట్టుకుంటుంది.

ఇద్దరు మనుషుల్ని తీసుకుందాం. ఇద్దరికీ చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరమే తెగింది. మొదటి వ్యక్తికి మణికట్టు దగ్గర తెగింది. అక్కడి నుంచి చేతి కండరాలకు సుమారు 80 మిల్లీమీటర్లు. 80 రోజులకు కుట్టు దాటే నెల కలిపితే 110 రోజులు, నాలుగు నెలల లోపే. రెండో వ్యక్తికి మోచేతి పైన తెగింది. దూరం 400 మిల్లీమీటర్లు. 400 రోజులకు నెల కలిపితే 430 రోజులు, పద్నాలుగు నెలలు. ఈ రెండో మనిషి పసర్లు, కట్లు అంటూ నాలుగు నెలలు తిరిగి ఆ తరవాత శస్త్రచికిత్సకు వచ్చాడనుకోండి, ఆక్సాన్ కండరాన్ని చేరేసరికి పద్దెనిమిది నెలలు. ఎంత మంచి నానోపోగు పెట్టినా ఈ లెక్క మారదు. పోగు దారి చూపుతుంది, నడక వేగాన్ని మాత్రం పెద్దగా పెంచలేదు.

## ఇప్పుడు ఆపరేషన్ బల్ల మీద చేసేది

కొసలు లాగకుండా కలిస్తే నేరుగా కుట్టడమే అన్నిటికన్నా మేలు. తెగిన మొదటి మూడు రోజుల దాకా కింది ముక్కను సన్నని విద్యుత్తుతో తాకితే దాని కండరం ఇంకా కదులుతుంది. దాన్ని బట్టి ఏ కట్ట కదలికది, ఏది స్పర్శది అని గుర్తుపట్టి జత కలపవచ్చు. ఆ తరవాత ఆ ఆనవాలు పోతుంది, కొసలు లోపలికి ముడుచుకుంటాయి, మచ్చ కడుతుంది. లాగి కుడితే నరంలో రక్తప్రసారం తగ్గి కుట్టు దగ్గరే మచ్చ గట్టిపడుతుంది. కాబట్టి ఖాళీ ఉన్నప్పుడు లాగరు, నింపుతారు.

నింపడానికి నేటికీ మొదటి ఎంపిక రోగి కాలి పిక్క వెనక నుంచి తీసే సూరల్ నరం. అందులో సొంత ష్వాన్ కణాలు, సిద్ధంగా ఉన్న గొట్టాలు అన్నీ ఉంటాయి. మూల్యం కూడా ఉంది: పాదం బయటి అంచులో స్పర్శ పోతుంది, ఇంకో చోట కోత పడుతుంది, దొరికే పొడవుకు హద్దుంటుంది. గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగే మనిషికి పాదంలో స్పర్శ పోవడం చిన్న విషయం కాదు. పట్టణంలో రాసిన పుస్తకాలు దీన్ని తేలిగ్గా దాటేస్తాయి.

రెండో ఎంపిక గొట్టం. తెగిన రెండు కొసలనూ గొట్టం రెండు మూతుల్లో దూర్చి కుడతారు. అమెరికాలో 1999లో పాలీగ్లైకాలిక్ ఆమ్లపు గొట్టం, 2001లో కొలాజెన్ గొట్టం అనుమతి పొందాయి. ఆ రకం గొట్టాలు లోపల ఖాళీగా ఉంటాయి. కొసల నుంచి ఊరిన ద్రవం వాటిని మొదట నింపుతుంది. వారం లోపల అందులో ఫైబ్రిన్ అనే ప్రోటీన్ తీగలా సాగి రెండు కొసలనూ కలుపుతుంది. ష్వాన్ కణాలు ఆ తీగ మీదుగా పాకుతాయి, వాటి వెంట ఆక్సాన్లు వస్తాయి.

చిక్కంతా ఆ తీగ దగ్గరే. ఖాళీ పెరిగేకొద్దీ తీగ నడుమ సన్నబడుతుంది, లేదా అసలు ఏర్పడదు. మనిషిలో 3 సెంటీమీటర్లు దాటితే ఖాళీ గొట్టం మీద నమ్మకం పెట్టుకోలేం. పెద్ద నరాల్లో అంతకన్నా తక్కువకే తడబడుతుంది. శరీరం కట్టలేకపోయిన ఆ తీగకు బదులు ముందే ఒక తీగల కట్టను లోపల పెడితే? నానోపోగుల ఆలోచన పుట్టింది ఈ ప్రశ్న నుంచే.

## బయోపాలిమర్ ఏది, కానిది ఏది

జీవులు తయారుచేసే పెద్ద గొలుసు అణువులు బయోపాలిమర్లు. జంతువుల చర్మం, స్నాయువుల నుంచి కొలాజెన్, దాన్ని ఉడికిస్తే జెలటిన్, రొయ్య, పీతల పెంకుల కైటిన్ నుంచి కైటోసాన్, పట్టుకాయ నుంచి ఫైబ్రోయిన్, కొన్ని బ్యాక్టీరియాలు ఒంట్లో దాచుకునే పాలీహైడ్రాక్సీబ్యుటిరేట్, ఇవన్నీ ఆ కోవలోవి.

పాలీకాప్రోలాక్టోన్ ఆ కోవలోది కాదు. దాన్ని పెట్రో రసాయనాల నుంచి చేస్తారు. శరీరంలో నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి చాలామంది దాన్నీ బయోపాలిమర్ అనేస్తారు. పుట్టుక వేరు, కరిగే గుణం వేరు. నిజానికి నరాల పరిశోధనలో ఎక్కువగా కనిపించేవి రెండూ కలిసిన పోగులే. పాలీకాప్రోలాక్టోన్ బలాన్నిస్తుంది, జెలటిన్ కణాలకు పట్టునిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి సింగపూర్‌లో స్థిరపడిన సీరం రామకృష్ణ బృందం 2008లో ఈ రెండింటినీ వేరువేరు పాళ్లలో కలిపి చూసి, పాలీకాప్రోలాక్టోన్ 70కి జెలటిన్ 30 పాళ్లలో కలిపిన పోగుల మీద నాడీ మూలకణాలు బాగా పెరిగాయని ప్రచురించింది.

కైటోసాన్ గురించి మన తీరంలో కాస్త ఆగి చెప్పుకోవాలి. రొయ్యల చెరువులూ వేటా ఉన్న చోట పెంకుకు కొదవ లేదు కాబట్టి ముడిసరుకు మనదేననే మాట తరచూ వినిపిస్తుంది. పెంకును పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం పోతుంది, పలుచని కాస్టిక్ సోడాలో ప్రోటీన్ పోతుంది, మిగిలిన కైటిన్‌ను 40 నుంచి 50 శాతం కాస్టిక్ సోడాలో వేడి చేస్తే కైటోసాన్ వస్తుంది. ఇంతవరకు పరిశ్రమలు చేస్తున్న పనే. ఒంట్లో పెట్టే సరుకుకు ఇది చాలదు. రొయ్యలు పడనివాళ్లకు హాని చేసే ప్రోటీన్ ఆనవాళ్లు, బ్యాక్టీరియా విషాలు, లోహాలు పోవాలి. కైటిన్ గొలుసుకు అంటిపెట్టుకుని ఉండే ఎసిటైల్ అనే చిన్న అణుగుంపులు ఎన్ని మిగిలాయన్నది ప్రతి విడతలోనూ ఒకేలా ఉండాలి. ఎందుకంటే శరీరంలోని లైసోజైమ్ అనే ఎంజైమ్ కైటోసాన్‌ను కోసేది ఆ గుంపులున్న చోటే. అవి ఎక్కువుంటే పోగు త్వరగా కరుగుతుంది, మరీ తక్కువైతే ఏళ్లతరబడి ఉండిపోతుంది. పెంకు కుప్పకూ ఆపరేషన్ థియేటర్‌కూ మధ్య ఖర్చంతా ఈ శుద్ధిలోనే ఉంది.

పట్టుకూ ఇలాంటి షరతే ఉంది. పట్టుపోగు మీదుండే సెరిసిన్ జిగురు పూర్తిగా పోకపోతే శరీరం దాని మీద మంట పుట్టిస్తుంది. పట్టుకాయ ముక్కల్ని 0.02 మోలార్ సోడియం కార్బొనేట్ నీళ్లలో అరగంట మరిగించి కడుగుతారు. మిగిలిన ఫైబ్రోయిన్‌ను 9.3 మోలార్ లిథియం బ్రోమైడ్‌లో 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కరిగించి, రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ పలుచని పొర సంచిలో ఉంచి ఉప్పు తీస్తారు. ఎక్కువసేపు మరిగిస్తే జిగురుతో పాటు ఫైబ్రోయిన్ గొలుసులూ తెగుతాయి, పోగుకు బలం రాదు.

## ఎంత సన్నం, సన్నదనంతో పనేమిటి

పొందూరు సన్నఖాదీకి వడికే 100 కౌంటు నూలు మందం దాదాపు 90 మైక్రాన్లు. ఆ నూలులోని ఒక్క పత్తిపోగు 12 నుంచి 20 మైక్రాన్లు. నరాల పనికి వాడే నానోపోగు సాధారణంగా 0.2 నుంచి 0.8 మైక్రాన్లు. అంటే 0.5 మైక్రాన్ల పోగు పత్తిపోగులో సుమారు ముప్పయ్యో వంతు. శరీరంలో కణాల చుట్టూ సహజంగా ఉండే కొలాజెన్ పోగులు కూడా 0.05 నుంచి 0.5 మైక్రాన్లే. కణం పట్టుకోవడానికి అలవాటైన మందం అది.

అయితే సన్నదనం కన్నా పోగులన్నీ ఒకే దిశలో ఉండటమే ముఖ్యమని నేననుకుంటాను. ఆధారాలు అటే మొగ్గుతున్నాయి. 2005లో రామకృష్ణ బృందమే పాలీలాక్టిక్ ఆమ్లపు పోగుల మీద చూపింది: ఒకే దిశలో పేర్చిన పోగుల మీద నాడీ మూలకణాలు పోగు నానో అయినా మైక్రో అయినా దాని వెంటే సాగాయి. కణాలు నాడీకణాలుగా మారే వేగంలో మాత్రం నానోపోగులది పైచేయి. 2008లో అమెరికాలో రవి బెల్లంకొండ బృందం ఎలుక కాలి నరంలో 17 మిల్లీమీటర్ల ఖాళీ చేసి, గొట్టంలో పలుచని పోగుల పొరలు పెట్టింది. ఒకే దిశ పోగులున్న గొట్టాల్లో నరం అవతలికి చేరింది. అదే పదార్థంతో చిందరవందరగా పేర్చిన పోగులు ఆ పని చేయలేకపోయాయి. అందులో వాడింది కరగని కృత్రిమ పాలిమర్, బయోపాలిమర్ కాదు. ఆక్సాన్‌కు దారి చూపడంలో పదార్థం పుట్టుక కన్నా పోగుల అమరికకు ఎంత బలముందో ఆ ప్రయోగం బయటపెట్టింది.

## పోగు తీసే విధానం, ఒక లెక్కతో

దీన్ని ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు. ఆలోచన పాతది. అంటన్ ఫార్మ్‌హల్స్ 1934లో అమెరికాలో పేటెంటు పొందాడు. సిరంజిలో పాలిమర్ ద్రావణం పోసి, సూదికి వేల వోల్టుల విద్యుత్తు ఇచ్చి, ఎదురుగా ఎర్త్ చేసిన లోహపు డ్రమ్ము పెడతారు. సూదికొస దగ్గర బొట్టు శంకువులా సాగుతుంది. 1964లో జెఫ్రీ టేలర్ దాన్ని గణితంతో వివరించినందున టేలర్ శంకువంటారు. శంకువు మొన నుంచి సన్నని ధార ఎగిరి, కొరడాలా మెలికలు తిరుగుతూ సాగుతుంది. దారిలో ద్రావకం ఆవిరవుతుంది, పోగు మాత్రం డ్రమ్ము మీద పడుతుంది.

70:30 మిశ్రమానికి ఒక మామూలు కొలత ఇది. 10 మిల్లీలీటర్ల ట్రైఫ్లోరోఇథనాల్‌లో 0.7 గ్రాముల పాలీకాప్రోలాక్టోన్, 0.3 గ్రాముల జెలటిన్ వేసి రాత్రంతా కలియబెడతారు. రెండు పాలిమర్లూ విడిపోయి ద్రావణం పాలలా తెల్లబడితే 0.02 మిల్లీలీటర్ల అసిటిక్ ఆమ్లం చుక్క వేస్తారు, తేటపడుతుంది. 22 గేజి మొండి సూది, గంటకు 1 మిల్లీలీటరు ప్రవాహం, సూదికీ డ్రమ్ముకీ 15 సెంటీమీటర్లు, 12 నుంచి 15 కిలోవోల్టులు. డ్రమ్ము వ్యాసం 10 సెంటీమీటర్లయితే నిమిషానికి 2,000 తిరుగుళ్లకు దాని అంచు వేగం సెకనుకు పది మీటర్ల పైన ఉంటుంది. ధార వచ్చే వేగానికి అంచు వేగం దీటుగా ఉంటేనే పోగులు డ్రమ్ము తిరిగే దిశలో సర్దుకుంటాయి. 300 తిరుగుళ్లకు తగ్గిస్తే చిందరవందరగా పడతాయి.

10 మిల్లీలీటర్లలో 1 గ్రాము పాలిమర్ ఉంది. నాలుగో వంతు అటూ ఇటూ పోతే డ్రమ్ము మీద 0.75 గ్రాములు పడుతుంది. డ్రమ్ము చుట్టుకొలత 31 సెంటీమీటర్లు, పోగు పడే వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకుంటే, అయిదింట నాలుగు వంతులు గాలి ఉండే పొర మందం 0.1 మిల్లీమీటరు వస్తుంది. దీనికి పట్టే సమయం పది గంటలు. ఆ పొరలో 0.5 మైక్రాన్ల పోగు మొత్తం పొడవు లెక్కేస్తే మూడు వేల కిలోమీటర్లు దాటుతుంది. వినడానికి గొప్పగా ఉన్నా, చేతికొచ్చేది రోజంతా కష్టపడితే ఒక పొర. ఉత్పత్తి నెమ్మది అనే విమర్శకు మూలం ఇదే.

పొరను గొట్టంగా చుట్టడానికి మరో లెక్క. నరం 2.5 మిల్లీమీటర్లుంటే గొట్టం లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లు కావాలి. తెగిన కొస వాస్తుంది, బిగుతుగా ఉంటే నలుగుతుంది. నాలుగు చుట్లు చుడితే గోడ 0.4 మిల్లీమీటర్లు. దానికి సుమారు 43 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క కావాలి. 30 మిల్లీమీటర్ల ఖాళీకి, రెండు వైపులా కొసలు దూరడానికి అయిదేసి కలిపి పొడవు 40 మిల్లీమీటర్లు. ఈ 40 మిల్లీమీటర్ల వైపు పోగుల దిశలోనే ఉండాలి. ముక్కను అడ్డంగా కోస్తే పోగులు గొట్టం చుట్టూ తిరుగుతాయి, పొడవునా సాగవు. అప్పుడు ఆక్సాన్‌కు దొరికేది దారి కాదు, అడ్డుకంచె. పొర తెల్లగా, చూపుకు ఒకేలా ఉంటుంది కాబట్టి డ్రమ్ము మీద ఉండగానే దిశ గుర్తు పెట్టడం తప్పనిసరి.

## పని చెడేది ఎక్కడ

మన రెండు జిల్లాల్లో ఎవరైనా ఈ యంత్రం పెడితే మొదటి శత్రువు సముద్రపు గాలి. పోగు తీయడానికి గదిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. తీరం వెంబడి చాలా రోజులు 70 శాతం దాటుతుంది. ఆ తేమకు జెలటిన్ నీరు పీల్చి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. పాలీకాప్రోలాక్టోన్ నీటిని ఓర్వదు కాబట్టి ధార మధ్యలోనే గడ్డకట్టి గుల్లబారుతుంది. ఉదయం బాగా వచ్చిన ద్రావణం సాయంత్రం వాన పడ్డాక పాడైపోయిందంటే ద్రావణాన్ని అనుమానించే ముందు తేమమీటరు చూడాలి. ఏసీ ఒక్కటే సరిపోదు, తేమ పీల్చే యంత్రంతో పాటు మూసిన గాజుపెట్టె కావాలి. మరీ ఎండిన గాలీ మంచిది కాదు, సూదికొస దగ్గర బొట్టు ఎండి మూసుకుపోతుంది.

పోగు మీద పూసల్లా ఉబ్బులు కనిపిస్తే ద్రావణం పలుచన అని అర్థం. గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడకపోతే తలతన్యత ధారను బొట్లుగా లాగేస్తుంది. పాలిమర్ శాతం పెంచితే పూసలు పోతాయి, పోగు మాత్రం లావవుతుంది. కైటోసాన్ మరీ మొండిది. దాని గొలుసులు ధనావేశంతో ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి ఒంటరిగా తేలిగ్గా పోగుకు రాదు. సాధారణంగా పాలీఇథిలీన్ ఆక్సైడ్ లాంటి తోడు కలుపుతారు, తరవాత ఆ తోడును కడిగేయాలి.

కొలాజెన్ విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. దాన్ని ఫ్లోరిన్ ఉన్న ఆల్కహాళ్లలో కరిగించి పోగు తీస్తే సహజమైన మూడుపేటల మెలిక విడిపోయి జెలటిన్‌గా మారుతుందని 2008లో పరిశోధకులు గట్టిగా చూపారు. అంటే ఖరీదైన కొలాజెన్ కొని జెలటిన్ తయారుచేసుకున్నట్టు. దాన్ని ఒప్పుకోకుండా కొలాజెన్ నానోపోగులని రాసిన వ్యాసాల్ని జాగ్రత్తగా చదవాలి.

జెలటిన్ పోగును అలాగే ఒంట్లో పెడితే 37 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేయాలి. గ్లుటరాల్డిహైడ్ ఆవిరి చవక, పని వేగం, కానీ మిగిలిపోతే కణాలకు విషం. జెనిపిన్ మెతకైనది, ఖరీదు ఎక్కువ, పని చేసిందనడానికి పొర నీలంగా మారుతుంది. పోగులోనే మిగిలిన ద్రావకం మరో విషం. పొరను రోజులతరబడి శూన్యంలో ఉంచేది అందుకే.

చివర్లో క్రిమిశుద్ధి. ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ 121 డిగ్రీలు, పాలీకాప్రోలాక్టోన్ కరిగేది 60 దగ్గర. ఒక్కసారి ఆటోక్లేవ్‌లో పెడితే నానోపోగుల పొర ప్లాస్టిక్ ముద్దవుతుంది. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడి, అది పోయేదాకా చాలాసేపు గాలి ఆడనివ్వాలి, లేదా గామా కిరణాలు వాడి గొలుసులు ఎంత తెగాయో కొలవాలి.

కరిగే గడువు మీద కూడా పట్టు ఉండాలి. 30 మిల్లీమీటర్ల ఖాళీ దాటడానికి 30 రోజులు, మొదటి జాప్యం 30 రోజులు కలిపి రెండు నెలలు. గొట్టం కనీసం మూడు నెలలు నిలబడి, ఆ తరవాత తప్పుకోవాలి. ముందే మెత్తబడితే గోడ కూలి నరాన్ని నొక్కుతుంది. పాలీకాప్రోలాక్టోన్‌లా రెండేళ్లు ఉండిపోతే చుట్టూ మచ్చ కట్టి అదీ నొక్కుతుంది.

## ఎలుకలో గెలుపు, మనిషిలో గెలుపు

చాలా వ్యాసాలు ఎలుక తొడ వెనక సాగే సయాటిక్ నరంలో 10 మిల్లీమీటర్ల ఖాళీ మీద ఆధారపడతాయి. ఎలుకలో ఆ దూరాన్ని ఖాళీ గొట్టమూ దాటిస్తుంది. కొత్త పదార్థం బలం తెలియాలంటే కనీసం 15 మిల్లీమీటర్లు కావాలి. పోలిక ఖాళీ గొట్టంతో కాకుండా సొంత నరపు అతుకుతో ఉండాలి. సూక్ష్మదర్శినిలో ఆక్సాన్లు కనిపించడం ఒకటి, కాలు నేల మీద సరిగా పడటం వేరొకటి. పాదముద్రల నుంచి లెక్కించే సయాటిక్ నరం సూచికలో సున్నా అంటే మామూలు నడక, మైనస్ వంద అంటే పూర్తి వైఫల్యం. ఆ సూచిక, కండరం బరువు, విద్యుత్ స్పందన ఇవేవీ లేకుండా రంగుల ఫొటోలు మాత్రమే ఉంటే ఆ ఫలితం సగమే.

పెద్ద జంతువుల్లో, మనుషుల్లో ఆశ కలిగించే ఆధారాలు లేకపోలేదు. 2011లో జర్మనీ పరిశోధకులు గొర్రె కాలి నరంలో 6 సెంటీమీటర్ల ఖాళీని సాలెపట్టు నింపిన రక్తనాళపు గొట్టంతో దాటించారు. చైనాలో కైటోసాన్ గొట్టంలో పాలీగ్లైకాలిక్ ఆమ్లపు పోగులు పెట్టి, ఒక మనిషి మోచేతి దగ్గర, బొటనవేలి వైపు వెళ్లే మీడియన్ నరంలో 35 మిల్లీమీటర్ల ఖాళీని బాగుచేసినట్టు 2008లో ప్రచురించారు. లోపల పోగులుంటే 3 సెంటీమీటర్ల గీత దాటవచ్చని ఆ కేసు చెబుతోంది. కానీ ఆ రెండింట్లోనూ పోగులు మైక్రాన్ల మందంవి, నానో కావు. పైగా రెండోది ఒక్క మనిషి కథ.

## నిపుణులు ఒప్పుకోని చోట్లు

గొట్టంలో పోగులు నింపాలా, గోడ లోపలి వైపు మాత్రం పరవాలా? నింపాలనేవారు ఫైబ్రిన్ తీగ వాదం చూపుతారు. వద్దనేవారు చూపేది స్థలం: పోగులు దట్టమైతే వాటి సందులు కణం కన్నా చిన్నవవుతాయి, ష్వాన్ కణాలు లోపలికి దూరలేవు, ఆక్సాన్లకు చోటు మిగలదు. ఇద్దరి మాటలోనూ నిజముంది. పలుచని పొరలు ఒకటి రెండు ఉంచి మిగతా చోటు ఖాళీగా వదలడం ఇప్పటికి నమ్మదగిన మధ్యేమార్గంగా కనిపిస్తోంది.

నరం విద్యుత్తు మోస్తుంది కాబట్టి పోగు కూడా విద్యుత్తు మోయాలని పాలీపిర్రోల్, పాలీఅనిలిన్ కలిపేవారున్నారు. పాత్రల్లో పెంచిన కణాల్లో ఫలితాలు బాగున్నాయి. అయితే ఆ రెండూ శరీరంలో కరగవు, ఎక్కడికి పోతాయన్నది తేలని ప్రశ్న. ఇదే ఫలితానికి ఇంకో దారి ఉంది: ఆపరేషన్ అయ్యాక పైముక్కకు సెకనుకు 20 సార్లు చొప్పున గంటసేపు సన్నని విద్యుత్తు ఇవ్వడం. దీన్ని మనుషుల మీద పరీక్షించి లాభం చూశారు. నాకు ఈ రెండో దారి మీదే ఎక్కువ నమ్మకం, ఒంట్లో ఏమీ మిగలదు కాబట్టి.

## ఏ బాధలకు ఇది సంబంధించదు

షుగరు వల్ల వచ్చే తిమ్మిర్లు, మంటల్లో నరం ఎక్కడా తెగలేదు, దాటాల్సిన ఖాళీ లేదు. కుష్ఠులో నరం వాచి లోపలే నలుగుతుంది. అక్కడ కావలసింది వేళకు మందు, వాపు తగ్గించడం. బండి ప్రమాదంలో భుజం కిందికి లాగి నరపు వేరు వెన్నుపాము నుంచే ఊడిపోతే గొట్టాన్ని తగిలించడానికి పైకొస ఉండదు. అలాంటప్పుడు పక్క నరం నుంచి ఒక కట్టను మళ్లిస్తారు. 1994లో ఒబెర్లిన్ వివరించిన పద్ధతిలో అల్నార్ నరపు కట్టను మోచేయి వంచే కండరానికి కలుపుతారు. దూరం తగ్గుతుంది కాబట్టి గడువు లెక్కలోనూ అది గెలుస్తుంది. ఇక వెన్నుపాము దెబ్బ పూర్తిగా వేరు. అక్కడ ష్వాన్ కణాలకు బదులు ఒలిగోడెండ్రోసైట్లు ఉంటాయి, వాటి మైలిన్ పెరుగుదలను అడ్డుకుంటుంది, మచ్చ గోడ కడుతుంది. చేతి నరం ఫలితాన్ని చూపి పక్షవాతానికి, నడుము విరిగినవారికి ఆశ పెట్టే ప్రకటనల్లో ఈ తేడా ఎప్పుడూ చెప్పరు.

## మన దేశంలో అనుమతి, గొట్టం పెట్టాక వేచి చూడటం

2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నియమాలు పరికరాల్ని ప్రమాదాన్ని బట్టి ఎ నుంచి డి దాకా నాలుగు తరగతులు చేశాయి. ప్రమాదం ఎక్కువున్న సి, డి తరగతులకు అనుమతి కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నుంచే రావాలి. కొత్త పదార్థాన్ని మనుషుల మీద పరీక్షించాలంటే నైతిక సంఘం ఆమోదమూ, జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదూ కావాలి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా ఉచితంగా వెతికి చూడవచ్చు.

పరీక్షలో గొట్టం విఫలమైతే వెంటనే తెలియకపోవడం రోగికి అసలు ప్రమాదం. దాన్ని కనిపెట్టే చవకైన పద్ధతి 1915 నుంచీ ఉంది, టినెల్ పేరుతో. నరం దారి వెంట వేలితో తట్టుకుంటూ పోతే ఆక్సాన్ కొస చేరిన చోట జివ్వుమంటుంది. ఆ చోటు నెలకు దాదాపు 3 సెంటీమీటర్ల చొప్పున కిందికి జరగాలి. చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టి, మళ్లీ వచ్చినప్పుడు కొలవడానికి టేపు చాలు. మణికట్టు దగ్గర గాయానికి నాలుగు నెలలైనా ఆ గుర్తు గొట్టం దాటలేదంటే, మళ్లీ తెరిచి సూరల్ నరం అతికించడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. మోచేతి పైన గాయమైతే ఆ నాలుగు నెలలు పోయాక మళ్లీ 430 రోజులు కావాలి, కండరం గడువు అప్పటికే అంచుకు వచ్చేస్తుంది. అందుకే కొత్త గొట్టాల పరీక్షలు వేళ్లలోని స్పర్శ నరాలతో, చిన్న ఖాళీలతో మొదలవుతాయి. అందరికీ ఎక్కువగా కావలసిన మోచేతి పైన గాయాలు, 3 సెంటీమీటర్లు దాటిన ఖాళీలు ఆ పరీక్షల్లో చివరి వంతుకు వస్తాయి.